నువ్వుల జీడి

తన ప్రోగ్రాంలో తప్పుండదని నూకరాజుకు గట్టి నమ్మకం. అందుకే సన్యాసిరావు మాస్టారు చెప్పే టెస్టింగ్ పాఠం అతనికి బొత్తిగా రుచించేది కాదు. తప్పులుంటే కదా వెతకడానికి!

విజయనగరం దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీకి సోమవారం కంపెనీవాళ్లు వస్తున్నారు. ఫైనలియర్ పిల్లల ప్రోగ్రాంలు స్వయంగా నడిపి చూసి, నచ్చినవాళ్లకు ఉద్యోగమిస్తారు. నూకరాజు దానిమీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు. హాస్టల్ పిల్లలు ఊరెళ్లడానికి ఫోన్లోనే అనుమతి తీసుకునే ప్రోగ్రాం అతనిది.

“ఎవరికైనా ఇచ్చి చూశావురా?” అన్నారు మాస్టారు.

“క్లాసంతా వాడారు సార్. ఒక్క తప్పు కూడా రాలేదు.”

“అయితే నాకూ ఇయ్యి.”

మాస్టారు వేలు కదిపితే చాలు, నూకరాజు మీదికి వంగేవాడు. “అక్కడ కాదు సార్, ముందు తేదీ... ఒక్కసారే నొక్కండి సార్... కాస్త ఆగండి, వచ్చేస్తుంది.” కొత్త అల్లుడికి వడ్డించినంత శ్రద్ధగా పక్కనే ఉండి నడిపించాడు. అనుమతి చక్కగా వచ్చింది.

మాస్టారు మురిసిపోయి సొరుగులోంచి పొట్లం తీశారు. “నోరు తెరు నాయనా.”

బెల్లం పాకంతో చేసిన పేద్ద నువ్వుల జీడి. కొరికాడో లేదో, పై పళ్లూ కింది పళ్లూ అతుక్కుపోయాయి.

మాస్టారు తాపీగా మళ్లీ మొదలుపెట్టారు. శుక్రవారం వెళ్లి, అంతకుముందు బుధవారమే తిరిగొస్తానని రాశారు. ప్రోగ్రాం సరేనంది. నూకరాజు “ఊఁ, ఊఁ” అంటూ చేతులూపాడు. అనుమతి రావడం ఆలస్యమవుతోందని మాస్టారు అదే బటన్ టకటకా నొక్కేశారు. ఒక్క ప్రయాణానికి బోలెడన్ని అనుమతులు వచ్చిపడ్డాయి. చివరికి తెర ఖాళీ అయి ఊరుకుంది.

నానా తంటాలు పడి జీడి మింగాడు నూకరాజు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “అలా ఎవరు నొక్కుతారు సార్?”

“నేను నొక్కాను కదరా.”

“నేను చెప్పేవాణ్ణి కదా సార్!”

మాస్టారికి జాలేసింది. దగ్గరికి లాక్కుని వీపు నిమిరారు. “ఇందాక నువ్వు చెప్పావు, నేను పాసయ్యాను. పాపం, నీ ప్రోగ్రాంని పరీక్ష ఎక్కడ రాయనిచ్చావురా?”

నూకరాజు ఫోను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం మాస్టారింటికొచ్చాడు. అన్నీ సరిచేసిన ఫోను ఆయన చేతికిచ్చి, “మీ ఇష్టమొచ్చినట్టు నొక్కండి సార్” అన్నాడు.

పెదాలు బిగించి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.