చెలమ దగ్గర కొమ్ములు

ఎండలకు ఏరు ఎండిపోయి, ఇసుకలో ఒక్క చెలమ మిగిలిన ఏడాది అది. అప్పటికే అడవిలో పెద్దలందరి మెడల్లోనూ సెల్‌ఫోన్లు వేలాడుతున్నాయి. చెలమ దగ్గర కట్టుబాటు మాత్రం పాతదే: ముందు పిల్లలు తాగాలి, తర్వాతే పెద్దలు.

ఆ మధ్యాహ్నం గేదె కాటమ్మ, కుంటుతున్న దూడను నడిపించుకుంటూ వచ్చింది. మేకలూ ఎడ్లూ కొమ్ములు దించి అడ్డం నిలబడ్డాయి. నిన్నటిదాకా ఆ దూడను నాకి ముద్దుచేసినవాళ్లే!

"ఇదేం చోద్యం? పసిదానికి నాలుక పిడచకట్టుకుపోయింది, తప్పుకోండి," అంది కాటమ్మ.

"గ్రూపు చూడలేదా వదినా? నీ దూడకు గాలికుంటట. గిట్టలు పుండ్లుపడే రోగం, అందరికీ అంటుకుంటుందని నక్క సింగన్న పెట్టాడు. యాభైమంది బొటనవేలు బొమ్మ నొక్కారు," అంది మేక పోలమ్మ.

"నువ్వూ నొక్కావా?"

పోలమ్మ చూపు తిప్పుకుంది. "మూసేద్దామనే నొక్కాను. గిట్ట వెడల్పు కదా, పోయి దానిమీద పడింది."

"నాదీ అంతే," అన్నాడు ఎద్దు వీరన్న. "కానీ మిగతా అంతమంది ఊరికే నొక్కుతారా?"

కాటమ్మ దూడవైపు చూసింది. దూడ మోకాళ్లు వణుకుతున్నాయి. ఇంకో పూట నీళ్లు లేకపోతే పడిపోతుంది. పడిపోయే దూడ కోసం ఎవరు కాచుకున్నారో అప్పుడు అర్థమైంది. పొద చాటున సింగన్న మూతి నాక్కుంటున్నాడు.

"సింగన్న బావా, పుండ్లు నువ్వే చూశావా?" అని నెమ్మదిగా అడిగింది.

"కళ్లారా చూశాను! గిట్ట దగ్గర ముక్కు పెట్టి మరీ చూశాను."

"అయితే రోగం నీకూ అంటుకునే ఉంటుంది. ఈ చెలమ నీకూ లేదు."

కొమ్ములన్నీ నక్కవైపు తిరిగాయి.

"అబ్బే, నేను చూళ్లేదు! దూరంనుంచి కుంటుతుంటే అనుకున్నానంతే!"

వీరన్న వంగి గిట్ట చూశాడు. విరిగిన తుమ్మముల్లు తప్ప ఏమీ లేదు. అందరూ కలిసి నక్కను ఏరు దాటేదాకా తరిమి, దూడకు దారి ఇచ్చారు.

"తాగు తల్లీ," అంది పోలమ్మ.

దూడ కదల్లేదు. తల్లి కాళ్ల మధ్యకు దూరింది. వాళ్లంతా గట్టెక్కి దూరంగా పోయాకే వచ్చి మూతి ముంచింది.

"ఆ మాట గ్రూపులోంచి తీసేయించాం వదినా," అని పోలమ్మ గట్టుమీంచి గొణిగింది.

"నా దూడకు ఫోను లేదు పోలమ్మా. అది చూసింది మీ కొమ్ముల్నే," అంది కాటమ్మ.

చూడకుండా ఔనన్న మాటను ఫోనులోంచి తుడిచేయొచ్చు, బెదిరిన ప్రాణంలోంచి తుడవలేం.