పురుగుల వాటా

జంతువులు సేద్యం చేస్తాయా అని నన్నడక్కండి. ఆ ఏటి ఒడ్డున చేసేవి, అంతే. అందరిదీ మొక్కజొన్నే. ఆ ఏడు కత్తెర పురుగు పడి చేలన్నీ ఊడ్చేసింది. ఆ ఆకలికి గొర్రె మల్లక్క ఒక పిల్లని పోగొట్టుకుంది. మిగిలిన ఒక్క పిల్లనీ ఒళ్ళో పెట్టుకుని, "దీన్నైనా దక్కించుకుంటానా?" అని ఏడ్చేది పాపం.

అప్పుడొచ్చాడండీ నక్క జంబయ్య, సంత నుంచి కొత్త విత్తనం మోసుకుని.

"దీని ఆకు కొరికితే పురుగే చస్తుంది. విత్తనంలోనే ఆ గుణం పెట్టారు!"

ప్రతి సంచికీ చిన్న పొట్లం కట్టి ఉంది. అందులో పాత రకం విత్తనం. అది చేను చుట్టూ అంచున వెయ్యాలిట.

"దాన్ని పురుగులు తినెయ్యవూ?" అంది మేక.

"తినక మరి! ఒట్టి దండగ. మోసినందుకు కొసరు కింద నాకిచ్చెయ్యండి, పేలాలు వేయించుకుంటాను."

అందరూ ఇచ్చేశారు. మల్లక్క మాత్రం ముసలెద్దు సింగన్న దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, ఈ పొట్లం ఎందుకు?"

"కొత్త పంట తిన్నా చావని మొండి పురుగు ఎక్కడో ఒకటి ఉంటుంది తల్లీ. అంచున పాత పంట తిని బతికే మెత్తని పురుగులుంటే దానికి వాటితోనే సంబంధం కుదురుతుంది, పిల్లలూ మెత్తగానే పుట్టి కొత్త పంట తినగానే చస్తాయి. అంచు లేదనుకో, మొండిది మొండిదాన్నే కట్టుకుంటుంది. ఇంక ఆ సంతానాన్ని ఎవడాపుతాడు?"

మల్లక్క తిరిగొచ్చి, "నా పొట్లం ఇవ్వను మరిదీ," అంది.

"పురుగులకి విందు పెడతావా వదినా? నీకున్నదే ఏటవతల ఆ కాస్త నేల చెక్క!"

"పెడతాను. అవీ పిల్లల తల్లులే కదా."

నక్క పడీ పడీ నవ్వాడు.

ఆ ఏడు అందరికీ బ్రహ్మాండంగా పండింది, అబద్ధమెందుకు? మల్లక్క పిల్ల బొద్దుగా తయారై గెంతులేస్తుంటే తల్లికి కళ్ళు చెమర్చాయి. మరుసటేడూ అంతే. నక్క మీసం మెలేశాడు.

ఆ తర్వాతేడు చూడండి! నక్క చేలో మొండి పురుగులు పుట్టాయి. మొవ్వు తిన్నాయి, కండె తిన్నాయి, మేక చేనూ మింగేశాయి. ఏటవతల మల్లక్క చేను అంచులు చిల్లులు పడ్డా, నడుమంతా నిండుగా నిలబడింది.

నక్క తల దించుకుని వచ్చాడు. వెనకాల డొక్కలెండిన పిల్లలు.

"వదినా, నాకొద్దు. వీళ్ళకి కాస్త..."

"నువ్వూ కూర్చో. ఆకలికి పిల్ల పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు," అని మల్లక్క కండెలు కాల్చి పెట్టింది.

పిల్లలు ఆవురావురుమని తింటుంటే నక్క తన కండె పక్కన పెట్టేశాడు. "నిన్ను చూసి అంత నవ్వానే! నాకెందుకు పెడుతున్నావు వదినా?"

"పురుగుకే పెట్టినదాన్ని, నీకు పెట్టనా?"



పురుగుకి పిడికెడు వదలనివాడికి పుట్టెడు దక్కదు.