ఇసక తిన్న బొమ్మ రైలు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరేం కాదులే, రైల్వే కాలనీ. అక్కడ ఏసోబు తాత ఉండేవాడు. బొగ్గింజన్లు నడిపి నడిపి రిటైరయ్యాడు. దుప్పటి లాగకే, చెప్తున్నాగా!

ఆ తాత మనవరాలు గ్రేసీ కోసం కరెంటు బొమ్మ రైలు కొన్నాడు. చాప మీద పట్టాలు పరిచి మీట నొక్కితే గిర్రున తిరిగేది. దాన్ని చూస్తుంటే తాతకి పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టుండేది.

ఒకరోజు మలుపులో చక్రాలు జారాయి. పెద్ద బండి జారితే డ్రైవర్లు పట్టా మీద ఇసక వదులుతారు. అలవాటు కొద్దీ తాత కూడా చిటికెడు ఇసక చల్లాడు. అప్పుడు చిట్ మని ఓ నిప్పురవ్వ లేచింది.

రెండో రోజు మళ్ళీ జారితే ఇంకో చిటికెడు చల్లాడు. పట్టాల అతుకు దగ్గర రెండు రవ్వలు లేచాయి. మూడో రోజు ఏకంగా గుప్పెడు! బండి దారి మారే చోట చిటపటా రవ్వలే రవ్వలు. మొండి మనిషి, ఏం చేస్తాం.

కోడలు కరుణమ్మ పరిగెత్తుకొచ్చింది. "మామయ్యగారూ, ఇంకొక్క రవ్వ కనపడితే ఈ రైలు అటకెక్కుతుంది" అంది. ఆవిడ తప్పేముంది, చాప అంటుకుంటే? తాత ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు తలుచుకుంటేనే జాలేస్తుంది.

అప్పుడు గ్రేసీ ప్లగ్గు పీకేసి, పట్టా మీద వేలు రాసింది. వేలు నల్లబడింది. "తాతా, గరగరలాడుతోంది. ఇసక మీద చక్రం ఎగురుతోందేమో" అంది.

తాత నెత్తి కొట్టుకున్నాడు. "ఓసి నా తల్లీ! నా బండికి మేత బొగ్గు. దీనికి మేత పట్టాలోంచే రావాలి. చక్రం పట్టాని వదిలితే కరెంటు రవ్వై గెంతదూ మరి!"

ఆ తర్వాత ఇద్దరూ ఇసకంతా ఊడ్చారు. స్పిరిట్ గుడ్డతో పట్టాలూ చక్రాలూ తుడిచారు. అతుకులు బిగించారు. దారి మారే చోట పాత పళ్ళబ్రష్షుతో రుద్దారు. అన్నీ ఆరేదాకా ఆగారు.

కరుణమ్మే వచ్చి ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. బండి జారకుండా మలుపు దాటింది, రవ్వ లేదు. అతుకు దాటింది, రవ్వ లేదు. దారి మారే చోట తాత ఊపిరి బిగబట్టాడు. అక్కడా లేదు!

కరుణమ్మ మాత్రం మీట వదిలితేనా? "మామయ్యగారూ, బండి నేను నడుపుతా. మీరు పచ్చజెండా ఊపండి" అంది. డ్రైవరు తాత గార్డు తాతయ్యాడు. నవ్వుకుంటూ జెండా ఊపి, రెండు పూటల అన్నం ఒక్క పూటలోనే తిన్నాడు.

ఇసక ఏటికి, రైలు గూటికి,
కథ కంచికి, కునుకు కంటికి.