తిరుపాలు గొంతులో అడ్డంపడ్డ మాట

అనగా అనగా, మా తాతల తాతకి ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, చిన్నేరు అని ఒక ఏరు ఉండేది. ఏటికి ఇవతలి గట్టు ఒక రాజుది, అవతలి గట్టు ఇంకో రాజుది. ఇవతలి గట్టున తిరుపాలు అనే మనిషి ఉండేవాడు. రాజుగారు చెప్పిన మాటను తప్పెట కొట్టి ఊరంతా చాటడం వాడి పని. ఇల్లు చిన్నది, గొంతు పెద్దది. వాడు పెళ్ళాన్ని "ఏమే" అని పిలిస్తే నాలుగు వీధుల ఆడవాళ్ళు "ఏంది?" అని పలికేవాళ్ళు.

ఒకనాడు అవతలి గట్టు ఏనుగు ఏరు దాటి వచ్చి ఇవతలి రాజుగారి చెరుకుతోట మేసిపోయింది. ఏనుగును కట్టేసుకోండి అని వీళ్ళు. తోటకు కంచె వేసుకోండి అని వాళ్ళు. మాటా మాటా పెరిగి యుద్ధమైంది.

యుద్ధం మొదలైన పూటే ఇవతలి గట్టున ఉన్న అవతలివాళ్ళందర్నీ పట్టుకొచ్చారు. గాజులమ్మే సిద్ధమ్మను పట్టుకొచ్చారు. చాపలల్లే ముసలి ఓబన్నను పట్టుకొచ్చారు. గేదెను కొందామని వచ్చిన కంబయ్యను బేరం కుదరకముందే పట్టుకొచ్చారు. పిల్లాజెల్లాతో మొత్తం ముప్ఫైమంది. ఏనుగులన్నీ యుద్ధానికి పోయాయి గదా, ఆ ఖాళీ గజశాలలో వాళ్ళను తోసి తలుపేశారు.

"పాపం, వాళ్ళేం చేశారు?" అని జనం గొణిగారు. గొణుగుడు మంత్రి చెవిన పడింది. మంత్రి తిరుపాలును పిలిచి మాట నేర్పించాడు. తిరుపాలు తప్పెట తగిలించుకుని ఊరంతా తిరిగాడు.

"డండం డండం! అవతలి గట్టు వాళ్ళు మన రాజుగారి చుట్టాలహో! మూడు పూటలా అన్నం! అన్నంలో నెయ్యి! పడుకోను కొత్త చాప!"

వానలకు ఒకసారి చాటాడు. చలికి ఒకసారి చాటాడు. ఎండలకు ఒకసారి చాటాడు. మూడుసార్లూ గజశాల గోడపక్కన కూడా నిలబడి చాటాడు. ఆ మాట విన్నప్పుడల్లా వాడి పెళ్ళాం సుంకులు నిట్టూర్చేది.

"మనకు రెండు పూటలే గదయ్యా. మనల్ని కూడా ఎవరైనా పట్టుకుపోతే బాగుండు" అనేది.

ఏడాది తిరిగేసరికి ఆ ఏనుగు ముసలిదై తనంతట తానే చచ్చిపోయింది. ఇక కొట్టుకోవడానికి కారణం దొరక్క ఇద్దరు రాజులూ సంధి చేసుకున్నారు. గజశాల తలుపు తెరిచారు. చుట్టాలను సాగనంపుదామని తిరుపాలు తప్పెటతో సహా వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

బయటికి వచ్చినవాళ్ళను చూసి వాడి చేతిలోంచి తప్పెట పుల్ల జారిపోయింది. ఎముకలకు బట్టలు తొడిగినట్టున్నారు. సిద్ధమ్మ గోడ పట్టుకుని వచ్చింది. చేయి ఎత్తితే గాజులు భుజం దాకా జారుతున్నాయి.

"తిరుపాలన్నా, నువ్వేనా ఆ చాటింపు వేసింది?" అంది.

"నేనే తల్లీ."

"లోపల విన్నాంలే. ఆ అన్నం పక్క కొట్టులో పెట్టి మాకు చెప్పడం మరిచిపోయారేమో అని మూడుసార్లూ గోడంతా తడుముకున్నాం. గంజి అయితే వచ్చేది, రోజుకొకసారి. అందులో మెతుకు కనబడితే పిల్లలు పండగ చేసుకునేవాళ్ళు."

"ఓబన్న ఏడీ?"

"ఆకలికి తట్టుకోలేకపోయాడు. కంబయ్య ఇంకో ముంత నీళ్ళు అడిగాడు. కర్రలతో కొట్టారు. మూడోనాటికి పోయాడు."

తిరుపాలు పుల్ల ఏరుకుని, తప్పెట కొట్టకుండానే ఇంటికి పోయాడు. 

మర్నాడు కోటకావలి దగ్గరికి పోయాడు. "దొరా, ఇట్లా ఎందుకు చేశారు?" అన్నాడు. "నాకేం తెలుసు? పైనుంచి వచ్చిన మాట" అన్నాడు కావలి. సైన్యాన్ని నడిపే దళవాయి దగ్గరికి పోయాడు. "నాకేం తెలుసు? కింద జరిగిన పని" అన్నాడు దళవాయి. మంత్రి దగ్గరికి పోయాడు. మంత్రి చదువుకున్నవాడు, మూడు జవాబులు చెప్పాడు. "అసలు ఏమీ జరగలేదు. జరిగినా మనవాళ్ళు చేయలేదు. చేసినా యుద్ధంలో అది మామూలే."

తిరుపాలు ఇంటికొచ్చి తప్పెటను దూలానికి తగిలించాడు.

రెండురోజులకు రాజుగారి విజయయాత్ర అని చాటమన్నారు. తిరుపాలు నాలుగు వీధుల కూడలికి పోయాడు. డండం డండం కొట్టాడు. నోరు తెరిచాడు. మూశాడు. ఇంటికొచ్చేశాడు. రాజు అంబారీ ఎక్కి ఊరేగితే చూడ్డానికి ఏడు కోళ్ళూ ఒక కుక్కా వచ్చాయి.

తర్వాత పశువుల సంత అని చాటమన్నారు. డండం డండం కొట్టాడు. నోరు తెరిచాడు. మూశాడు. సంతకు ఒక్క దూడైనా రాలేదు.

ఆ తర్వాత చినరాజుకు పేరు పెడతారు, ఊరందరికీ భోజనాలని చాటమన్నారు. డండం డండం కొట్టాడు. నోరు తెరిచాడు. మూశాడు. బూరెలు కొండలా మిగిలిపోయాయి. మంత్రి ఒళ్ళు మండి తన మేనల్లుడికి తప్పెట ఇచ్చి పంపితే, వాడు కొట్టిన దెబ్బకు గేదెలు బెదిరి వాణ్ణి ఏట్లోకి తరుముకుపోయాయి.

రాజు తిరుపాలును పిలిపించాడు. "ఏరా, గొంతుకేమైంది?"

"మాట అడ్డంపడింది ప్రభూ. ఏడాదిగా చాటిన మాట అబద్ధమని తెలిసింది. అది అబద్ధమని చెబితే తప్ప వెనకున్న మాటలు కదిలేట్టు లేవు."

"వీణ్ణి గజశాలలో వేయాలి" అని మంత్రి లేచాడు.

"వేయండి సామీ" అన్నాడు తిరుపాలు. "ఆ నెయ్యిని ఏడాదిగా పొగుడుతున్నాను. ఒక్కనాడైనా రుచి చూడలేదు."

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుకూ నవ్వొచ్చింది గాని, సగంలో ఆగిపోయింది. లేచి నేరుగా గజశాలకు నడిచాడు. వెనకాలే అందరూ నడిచారు. ఏనుగుల్ని ఇంకా లోపలికి తోలలేదు. వాటి పెద్ద తలుపుకు గొళ్ళెం వేసి, గంజి కుండతో మనిషి వంగి దూరేటంత చిన్న తలుపొకటి పెట్టి ఉంది. రాజు దాంట్లోంచే దూరాడు. కిరీటం బయట ఉండిపోయింది.

లోపల గోడనిండా బొగ్గుతో గీసిన గుండ్రాలున్నాయి.

"ఇవేమిటి?" అన్నాడు రాజు.

వెనకే దూరిన తిరుపాలు దగ్గరగా వెళ్ళి చూశాడు. పిల్లల చేతి గీతలు. గుండ్రంలో ఒక కుప్ప, కుప్ప మీద ఒక చుక్క. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కంచాలు ప్రభూ. అన్నం, దాని మీద నెయ్యి. నేను గోడ బయట చాటింది విని పిల్లలు గీసుకున్నారు."

రాజు ఒక గుండ్రాన్ని వేలితో తడిమాడు. బయటికొచ్చి "ఎవరు చేశారిది?" అని అడిగాడు. కావలి దళవాయికేసి వేలు చూపించాడు. దళవాయి మంత్రికేసి చూపించాడు. మంత్రి కావలికేసి చూపిద్దామని చేయెత్తి, రాజు ముఖం చూసి, తల గోక్కున్నాడు.

"చాటింది నేను" అన్నాడు తిరుపాలు. "చాటించింది తమరి పేరు మీదే. మన ఇద్దరిదీ తేలితే మిగతావాళ్ళది తేలుతుంది."

"అయితే పోయి నిజం చాటు."

"నేను చెబితే ఇక ఎవరు నమ్ముతారు ప్రభూ? నేను కొడతాను. తమరు చెప్పాలి."

అట్లా మర్నాటి పొద్దున్నే రాజు మోకాటి లోతు నీళ్ళలో చిన్నేరు దాటాడు. అవతలి గట్టు జనమంతా చేరారు. తిరుపాలు డండం డండం కొట్టాడు. రాజు నోరు తెరిచాడు. పాపం, ఆయనకు గొంతెత్తే అలవాటు లేదు, కీచుమంది.

"వినపళ్ళేదు" అంది సిద్ధమ్మ, వెనకనుంచి.

రాజు మళ్ళీ చెప్పాడు. "సగమే వినపడింది" అంది సిద్ధమ్మ.

మూడోసారి రాజు ఊపిరంతా కూడదీసుకుని చెప్పాడు. "ముప్ఫైమందిని మా గజశాలలో పెట్టి ఆకలితో మాడ్చాం. నీళ్ళడిగితే కొట్టాం. ఓబన్న చచ్చిపోయాడు. కంబయ్య చచ్చిపోయాడు. బాగా చూస్తున్నామని అబద్ధం చాటించాం. రాజ్యం నాది. తప్పు నాది."

ఓబన్న పెళ్ళాం ముందు వరసలో నిలబడి ఉంది. "ఇప్పుడు వినపడింది" అని చెంగు దులుపుకుని ఇంటికి పోయింది. క్షమించానని ఆమె అనలేదు. అడగడానికి రాజుకు నోరు రాలేదు.

కంబయ్య ఇంటికి రాజు తానే గేదెను తోలుకుపోయాడు. దారిలో అది రెండుసార్లు తప్పించుకుంది. మంత్రికీ దళవాయికీ కావలికీ పదవులు ఊడాయి. గజశాల ఊడ్చే పని ముగ్గురికీ కలిపి ఇచ్చారు. చీపురు ముందు ఎవరు పట్టాలని చాలాకాలం వాదించుకున్నారట.

తిరుపాలు గొంతు మళ్ళీ తెరుచుకుంది గాని, మనిషి మారిపోయాడు. చెరువుకు గండి పడిందని చాటమంటే చెరువు దాకా పోయి చూసొచ్చి చాటేవాడు. పెళ్ళని చాటమంటే పెళ్ళికూతుర్ని అడిగొచ్చి చాటేవాడు. అన్ని వార్తలూ ఒకపూట ఆలస్యం. అయినా వాడు వచ్చేదాకా జనం కూర్చుని ఉండేవాళ్ళు. వాడు కన్నుమూసిననాడు చాటేవాళ్ళే లేరు. అయినా రెండు గట్ల జనమూ వచ్చారు.

ఇప్పటికీ చిన్నేటి పక్క ఊళ్ళలో తప్పెట మోగితే జనం వెంటనే చెవి ఒగ్గరు. చేస్తున్న పని చేసుకుంటూనే "చూసొచ్చావా?" అని అడుగుతారు. "చూసొచ్చాను" అంటేనే రోకలి పక్కన పెడతారు. లేదంటే "పోయి చూసిరా నాయనా, మేమెక్కడికీ పోము" అని మళ్ళీ దంచుకుంటారు.