ఇసుకకి చెంప ఆనించి

తాబేళ్ళ గురించి హేమసుందర్‌కి తెలియనిది లేదు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. అతనికొచ్చిన చిక్కల్లా అదే.

మూడు సీజన్లుగా అతను శ్రీకాకుళం తీరంలోని ఓ చిన్న హేచరీలో గున్నయ్య తాత దగ్గర పని నేర్చుకుంటున్నాడు. తల్లి తాబేలు ఇసుకలో పెట్టి వెళ్ళిన గుడ్లను కుక్కలకీ నక్కలకీ దక్కకుండా తెచ్చి, వల కట్టిన ఆవరణలో మళ్ళీ పాతిపెట్టాలి. పిల్లలు పైకొచ్చాక సముద్రంలోకి వదలాలి. గుడ్డు తలకిందులు కాకుండా ఎత్తడం తాతే నేర్పాడు. గొయ్యి మూతి సన్నంగా, పొట్ట వెడల్పుగా తవ్వడమూ నేర్పాడు. పిల్లల్ని వదిలే బుట్ట మాత్రం ఒక్కనాడూ చేతికివ్వలేదు.

తాతకి మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చే ఏడు ఈ పని ఇంకొకరికి అప్పగించి ఇంటిపట్టున ఉంటానని ఊళ్ళో చెప్పేశాడు. ఆ ఇంకొకరు తానో కాదో తేలక హేమసుందర్‌కి అన్నం సయించడం లేదు. ఓ సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"నాలో ఏం తక్కువ తాతా?"

"తక్కువేటీ నేదు మేష్టారూ," అని నవ్వాడు తాత. అతన్ని మొదటి రోజు నుంచీ అలాగే పిలుస్తాడు. "రేపు పొద్దున్న పిల్లల్ని నువ్వే వొగ్గు."

తెల్లవారుతుండగా, పట్నం నుంచి క్యాంపుకొచ్చిన వాళ్ళు పన్నెండు మంది సరుగుడు తోటలోని గుడారాల్లోంచి ఒడ్డుకొచ్చారు. తాబేలు పిల్లల్ని చూడాలనే అంత దూరం వచ్చారు. హేమసుందర్ ఇసుకలో అడ్డంగా ఓ తాడు కట్టి, వాళ్ళని దాని అవతల నిలబెట్టాడు. బుట్ట దగ్గర్నుంచి నీళ్ళ దాకా, నీళ్ళ దగ్గర్నుంచి బుట్ట దాకా పచార్లు చేస్తూ పాఠం మొదలెట్టాడు. పిల్లల్ని చేత్తో నీళ్ళలో వెయ్యకూడదన్నాడు. తమంతట తాము పాకి వెళ్ళాలన్నాడు. నిజం చెప్పొద్దూ, చక్కగానే చెప్పాడు. వెలిగిపోతున్న ఆ ముఖం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

అప్పుడు బుట్ట వంచి ఏడెనిమిది పిల్లల్ని వదిలాడు. అవి బారెడు దూరం పాకి, ఒకటొకటే మాయమయ్యాయి.

పరుగున వెళ్ళి చూశాడు. అన్నీ గుంటల్లో పడ్డాయి. ఒకటైతే వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. సరుగుడు కొమ్మల మీంచి కాకులు దిగాయి.

"వీటికి బలం చాల్లేదు తాతా! చేత్తో తీసుకెళ్ళి నీళ్ళలో వేసేస్తాను," అన్నాడు కంగారుగా. ఇందాక తను చెప్పిందేమిటో కూడా మరిచిపోయాడు పాపం.

తాత కోప్పడలేదు. తువ్వాలుతో కాకుల్ని అదిలించాడు. పిల్లల్ని ఒక్కొక్కటిగా ఏరి మళ్ళీ బుట్టలో వేశాడు.

"ఒక్కపాలి బోర్లా తొంగో మేష్టారూ."

"అందరి ముందా?"

"సెంప ఇసకకి ఆనించు. ఏటి కనపడతందో సూడు."

సిగ్గుతో చితికిపోతూ పడుకున్నాడు. ఎదురుగా ఇసుక దిబ్బ. దాని వెనక గొయ్యి. ఆ గోతి అడుగున తన బూటు గీతలు. దాని వెనక మళ్ళీ దిబ్బ, మళ్ళీ గొయ్యి. సముద్రం హోరు వినపడుతోంది కానీ సముద్రం మాత్రం ఎక్కడా కనపడలేదు.

తర్వాత లేచి, బూట్లు విప్పి తాడు అవతలికి విసిరేశాడు. బుట్ట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులతో ఇసుక చదును చెయ్యసాగాడు. వెనక్కి వెనక్కి జరుగుతూ, తన మోకాళ్ళ జాడ కూడా తనే తుడిచేస్తూ పోయాడు. క్యాంపు వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి, ఆ ముఖం చూసి ఊరుకున్నారు.

వీపుకి కెరటం తగిలింది. మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడ్డాడు.

తాత బుట్ట వంచాడు. నూరు పైచిలుకు పిల్లలు నున్నటి ఇసుక మీదుగా తిన్నగా వచ్చి, కెరటం అందుకుని అతని పిక్కల పక్కనుంచి పోతున్నాయి. బుట్ట ఎవరి చేతిలో ఉందో హేమసుందర్‌కి ధ్యాసే లేదు. అడుగు తీసి అడుగేస్తే ఏ పిల్ల నలుగుతుందోనని కొయ్యలా నిలబడి ఉన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ఎండొచ్చింది. తాడు పట్టుకుని నిలబడ్డ ఒకావిడ తాతని మెల్లిగా అడిగింది.

"ఆయన ఇంక గట్టుకి రారా అండీ?"

"ఆకరి పిల్ల ఎల్లినాక వత్తాడమ్మా," అన్నాడు తాత, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుంటూ. "ఆడు మా గుంటడు, మా ఇంటి కుర్రోడు. ఒచ్చే ఏడు నుంచి ఈ బుట్ట ఆడిదే."