గాదెలో దెయ్యం

అనగనగా అంటే నిన్నో మొన్నో అనుకునేరు, మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ చెప్పిన కాలం. ఏటి అవతల ఒక ఊళ్ళో ఓబులయ్య అని ఓ మొండి రైతు. ఆయనకు తిరపమ్మ అని కోడలు. తొలకరికి విత్తుదామని గాదెలో జొన్నలు దాచుకున్నారు. ఉన్న విత్తనం అదే. అది పోతే ఆ ఏడు చేను బీడే.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా సద్దుమణిగాక, గాదెలోంచి కరకర కరకరమని చప్పుడు. మూత ఎత్తితే పిల్లి లేదు, ఎలుక లేదు. దెయ్యం జొన్నలు నముల్తోందన్నాడు ఓబులయ్య. దెయ్యానికి జొన్నలెందుకంటారా? ఆయన్నే అడగాలి మరి. ఊ కొడుతున్నారా?

భూతవైద్యుడొచ్చి, వేపమండలతో గాదెను చెడామడా బాది, ఆ మండలు లోపలే పడేసి, కూలికింద కోడిపుంజును చంకలో పెట్టుకుని పోయాడు. మర్నాడు మళ్ళీ కరకర! దెయ్యం ముట్టిన గింజ మనకొద్దు, ఏట్లో కలిపేస్తానని లేచాడు ఓబులయ్య.

తిరపమ్మ ఆగమని, మూత తీసి తొంగి చూసింది. మండలు పడ్డచోట గింజ శుభ్రంగా ఉంది. దూరంగా అంచున పురుగులు గుంపు కట్టాయి. ఒకదాన్ని తీసి మామగారి అరచేతిలో పెట్టింది.

"ఇదిగో మామా, మీ దెయ్యం. ముక్కు కూడా ఉంది చూడండి."

ఆయన చూశాడు. అయితే దీనికి వేపే మందని వేపాకు దంచి, ఆ రసం కుండతో గాదెలో గుమ్మరించబోయాడు. కోడలు అడ్డం నిలబడింది. తడి తగిలితే గింజ ఇక్కడే మొలిచి కుళ్ళిపోతుందంది. గింజ నాది, నా ఇష్టమన్నాడు.

"మీ ఇష్టానికి మొలవదు మామా. తొలకరికి మొలవాలి."

కుండ దించాడు.

అప్పుడేం చేసిందనుకున్నారు? గింజను ఎండబోసింది, ఎండకు పురుగు పారిపోయింది. చేటతో చెరిగింది, డొల్లగింజ ఎగిరింది. వేపాకు, వేపగింజ దంచింది, దంచింది నానేసింది, నానింది వడగట్టింది. ఆ చేదునీళ్ళలో గోతాలు ముంచింది, ముంచినవి ఎండేసింది, ఎండిన గోతంలో ఎండిన గింజ పోసి మూతి కుట్టింది. నిద్రపోయారా, వింటున్నారా?

తొలకరి పడింది. ఓబులయ్య గోతానికి చెవి ఆనించి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. విత్తాడు. వారం తిరక్కుండా చేనంతా పచ్చగా మొలిచింది.

మరుసటేడు పక్కింటి గాదెలో కరకరమంది. వాళ్ళు భూతవైద్యుడి కోసం పరిగెడుతుంటే ఓబులయ్యే గుమ్మంలో అడ్డుపడి, మా కోడల్ని పిలుచుకురండి అన్నాడట. అందుకే చెప్పేది, చప్పుడైతే పారిపోకండి, మూత తీసి చూడండి.

ఇక కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.