పురుగు తినని మూడు ఆకులు

ఆకు మీద అక్షరమై, అక్షరంలో అర్థమై, అర్థంలో సత్యమై వెలుగొందే వాగ్దేవికి ముందుగా నమస్కారం. ఇది నేతపనివారి ఆడబిడ్డ బింగి నీలవేణి కథ. ఆమెకు తాళపత్రవిద్య గరపిన విశ్వపతి శాస్త్రిగారి కథ కూడాను.

శాస్త్రిగారికి ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా ధర్మసందేహం అడిగితే బదులు చెప్పేవారు కారు. చేతికేదో పని అప్పగించేవారు. కృష్ణాతీరంలోని ఆ చిన్న గ్రంథాలయంలో ఏడాదిన్నరగా తాళపత్రాలు శుభ్రపరుస్తూ, చదువుతూ వస్తున్న నీలవేణికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఆనాడు ఆమెకు కావలసింది పని కాదు, జవాబు. జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంలో ప్రాచీన ప్రతుల సంరక్షణ నేర్పుతారు. విదేశీ విద్యార్థులు దరఖాస్తు పంపడానికి మరునాటి సాయంత్రంతో గడువు తీరిపోతుంది. ఆమెకు డిగ్రీ పూర్తయిన నాటికీ, ఈ గ్రంథాలయంలో అడుగుపెట్టిన నాటికీ నడుమ రెండేళ్లు ఖాళీగా ఉన్నాయి. దరఖాస్తులు సిద్ధం చేసిపెట్టే కన్సల్టెన్సీ అతను ఆ ఖాళీ చూసి పెదవి విరిచాడు.

"గ్యాప్ కనబడితే ఫైలు పక్కన పడేస్తారమ్మా. ఆ రెండేళ్లూ మీ గురువుగారి దగ్గరే పనిచేసినట్టు ఉత్తరం రాయించుకో. అందరూ చేసేదే" అంటూ నమూనా కాగితం కూడా చేతిలో పెట్టాడు.

ఆ కాగితాన్ని గురువు ముందుంచి నీలవేణి చేతులు జోడించింది.

"గురువుగారూ, మీరొక్క సంతకం చేస్తే నాకు దారి తెరుచుకుంటుంది. ఇందువల్ల ఎవరికీ కీడు లేదు. ఇది అసత్యమవుతుందా, శిష్యవాత్సల్యమవుతుందా?"

శాస్త్రిగారు కాగితం ఆసాంతం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సంతకానికేం, కలం ఇక్కడే ఉంది. ముందు ఒక పని చూడమ్మా. వల్లభయ్యగారు ఏదో వైద్యగ్రంథం తెచ్చి వసారాలో కూర్చున్నారు. దాన్ని మన గ్రంథాలయంలో చేర్చుకోవచ్చునో కూడదో నువ్వే తేల్చు. నీ మాటే నా మాట."

మనసులో విసుక్కుంటూనే నీలవేణి వసారాలోకి వచ్చింది. వల్లభయ్యగారు తరతరాల వైద్యుల ఇంట పుట్టినవారు. ఎర్రగుడ్డలో చుట్టిన తాళపత్రాల కట్టను ఒడిలో పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నారు.

"ఏం పాపా, పరీక్షించేది నువ్వా? శాస్త్రిగారికి ఓపిక తగ్గిందన్నమాట!" అని నవ్వారు.

"ఆయనకు ఓపిక ఉంది, నాకు చూపుంది. ఇద్దరం పంచుకుంటున్నామండీ" అంటూ ఆమె కట్ట విప్పింది.

అది జ్వరచికిత్స గ్రంథం. గంటం పట్టిన చెయ్యి నిండైనది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నీలవేణి ముఖం విప్పారింది. ఒక్కొక్క ఆకే తిప్పుతూ పోయింది. నడిమికి వచ్చేసరికి కన్ను కంటే ముందు ఆమె వేలు ఆగింది. ఎడమ అంచున పురుగు తొలిచిన రంధ్రమొకటి మొదటి ఆకు నుంచీ సూటిగా దిగుతోంది. చిట్టచివరి ఆకు దాకా అలాగే దిగింది. నడుమ మూడు ఆకులకు మాత్రం ఆ గాయం లేదు.

"ఈ పురుగు మహా నియమం గలదండీ, వల్లభయ్యగారూ! పై ఆకులన్నీ తిన్నది, కింది ఆకులన్నీ తిన్నది. ఈ మూడింటి దగ్గర ఉపవాసం చేసింది."

ఆయన నవ్వు ఆరిపోయింది. ఉత్తరీయం అంచు నలుపుకుంటూ ఉన్నమాట చెప్పేశారు.

"ఆ మూడూ లేవమ్మా. లేవంటే మీరు వెనక్కి పంపేస్తారని భయపడ్డాను. తెలిసిన పండితుడి చేత ఊహించి రాయించి, పాతవాటిలా కనబడాలని పొగ పట్టించాను. ఇందువల్ల ఎవరికీ కీడు లేదు కదా!"

"లేకపోతే లేవని రాసి చేర్చుకునేవాళ్ళం బాబాయిగారూ. ఇప్పుడు చూడండి, నిజమైన నూటపది ఆకుల్నీ అనుమానంతోనే తిప్పవలసి వస్తోంది..."

మాట పూర్తి కాకుండానే ఆమె గొంతు నెమ్మదించింది. గాయం లేని ఆకుల మీద వేలుంచి, "అసలు ఆ మూడాకులూ ఏమయ్యాయి?" అని అడిగింది.

"మా తాతగారి కాలంలో ఒక ఏడు విషజ్వరాలు ప్రబలాయట. ఏటి అవతలి వైద్యుడికి ఈ మందు తెలియదని విని, ఆయన ఆ మూడాకులూ ఊడదీసి పడవ మీద పంపించారు. ఆకులు తిరిగి రాలేదు. మనుషులు మాత్రం బతికారట."

"ఇంత గొప్ప మాట దాచిపెట్టి, దీని బదులు పొగపట్టిన ఆకులు తెచ్చారా!" అంది నీలవేణి.

ఆ మాట అన్నది వల్లభయ్యగారితోనే అయినా, తిన్నగా వచ్చి తగిలింది తనకే. కొత్త ఆకులు మూడూ తీసి ఆయన చేతికిచ్చేసింది. గ్రంథాల పట్టికలో 'నడుమ మూడు ఆకులు లేవు' అని రాసి, అవి ఎందుకు లేవో తాతగారి పేరుతో సహా ఆయన చెప్పినట్టే కింద చేర్చి, గ్రంథాన్ని స్వీకరించింది. వల్లభయ్యగారు పట్టికలోని తాతగారి పేరు రెండుసార్లు తడిమి చూసుకుని, తేలికపడ్డ మనసుతో వెళ్ళారు.

నీలవేణి లోపలికి వచ్చేసరికి శాస్త్రిగారు కలం మూత తీసి, నమూనా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆమె ఆ కాగితాన్ని మెల్లగా లాగి నాలుగు మడతలు పెట్టింది. తెల్లకాగితం తీసుకుని అక్కడే చాప మీద కూర్చుని ఇలా రాసింది: "మా నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆయన చెయ్యి మళ్ళీ ఆడేదాకా, రెండేళ్లు నేనే మగ్గం గుంటలో కూర్చుని నేశాను. తెగిన పోగును చూడకముందే తడిమి పట్టుకోవడం నా వేళ్ళకు అక్కడే అలవడింది. ఆ వేళ్ళతోనే ఇప్పుడు తాళపత్రాలు తిప్పుతున్నాను."

గురువుగారు ఏడాదిన్నరకే ఉత్తరం రాసి సంతకం చేశారు. ఒక్క రోజు కలపలేదు, ఒక్క రోజు తగ్గించలేదు.

"గ్యాప్ ఉన్నదున్నట్టు పంపుతున్నానండీ" అంది నీలవేణి లేచి నిలబడి. ఆ గొంతులో బెరుకు లేదు.

"పంపమ్మా. అక్కడ కూర్చున్నవారూ చదవడం వచ్చినవారే" అన్నారు శాస్త్రిగారు.

ఈ కథ విన్నవారికీ, వినిపించినవారికీ, పరదేశపు గడప ముందు నిలిచి తమను గురించి తామే చెప్పుకోవలసిన బిడ్డలందరికీ మాట నిర్మలమై, అడుగు స్థిరమై, సకల శుభాలూ కలుగుగాక.